పెంటయ్య చెప్పిన లోతు

రత్నాబాయికి కోపమొస్తె పదకొండో గల్లీల నల్లా కాడ లైను గూడ దానంతట అదే సక్కగైతదని పేరు. అసుంటి రత్నాబాయి ఐదు రోజుల సంది కోపం మీదనే ఉన్నది. పొద్దున లేస్తె కోపం, చాయ్ పెడితె కోపం, దేవునికి దీపం ముట్టిచ్చి దండం పెట్టుకుంట గూడ కోపమే. ఆ కోపమంత నెత్తి మీదున్న అటక దిక్కే. ఎందుకంటె ఆ అటక మీద పెంటయ్య ఉంటడు.

అటకంటె సామాన్లు వడేసె అటక గాదు. బొంబాయి కామాటిపురాల ఒంటర్ర ఖోలీలల్ల పైన చెక్కలు కొట్టి ఇంకో అర ఇల్లు చేస్తరు, దానికి ఇనుప నిచ్చెన ఏస్తరు. నిలవడితె నెత్తి తాకుతది, కూసుంటె సరిపోతది. మూడేండ్ల కింద మహబూబ్‌నగర్ దిక్కెంచి పెంటయ్య, ఆయన పెండ్లాం పోచమ్మ పని కోసమని వచ్చి ఫుట్‌పాతు మీద మూటలు వెట్టుకొని కూసుంటె, రత్నాబాయే పిలిచి ఆ అటక ఇచ్చింది. "మనోళ్లు. ఇంట్ల నాలుగు తెలుగు మాటలన్న ఇనవడ్తయి" అన్నది. ఆమె తాత ఈ ఊర్ల బిల్డింగులకు రాళ్లు మోసిండు. తాత పోయిండు, నాయిన పోయిండు, వాళ్ల వెనక గల్లీల తెలుగు గూడ సగం పోయింది. కొడుకు మంగేష్‌ను తెలుగుల పిలిస్తె మరాఠీల పలుకుతడు. మనుమరాలు ప్రతీక్షకైతె తెలుగంటె ఆజీ, అంటె నాయినమ్మ, తిట్టే భాష, అంతే.

అట్ల తెచ్చి పెట్టుకున్న మనిషి ఇంకో మనిషిని సంపిండాయె. కోపం రాదా మరి?

సచ్చిపోయింది యాదయ్య. యాదయ్యది, పెంటయ్యది ఒక్కటే ఊరు, ఒక్కటే వాడ. యాదయ్యను బొంబాయికి తోల్కొచ్చింది గూడ పెంటయ్యే. ఫోరస్ రోడ్డు దిక్కు ఒక పాత బిల్డింగు కూలగొట్టి కొత్తది లేపుతున్నరు. తుకారాం శేట్ అని కంట్రాక్టరు. మంగేష్ ఆడ సూపర్‌వైజరు. పెంటయ్య, యాదయ్య ఆడనే కూలి. ఆ పాత బిల్డింగు కింద నీళ్ల టాంకీ ఒకటున్నది, మనుషులు దిగెటంత పెద్దది. వానలకు నీళ్లు చేరినయి. మోటరు వెట్టి తోడుదామంటె, పైపు మూతికి చెత్త అడ్డం వడి నీళ్లు గుంజలే. ఎవలన్న దిగి చెత్త తీయాలె. దిగాలంటె ముందుగాల లోతెంతనో తెల్వాలె. నల్లటి నీళ్లు, అడుగు కానరాదు.

తాడుకు ఇటుక పెల్ల కట్టి ఇడిచి లోతు సూసింది పెంటయ్య. సూసి మంగేష్‌కు చెప్పిండు. మంగేష్ ఒక చెవుల ఫోను వెట్టుకొనే నోట్‌బుక్కుల రాసుకున్నడు. రాసుకొని, మోటరుకు పట్టీ తెమ్మని పెంటయ్యను ఫాక్‌లాండ్ రోడ్డుకు తోలిండు. అంతల్నే యాదయ్య సిమెంటు లారీ కాడి నుంచి వచ్చిండు. పన్నెండు ఇంచులే నీళ్లు, దిగు అన్నడు మంగేష్ హిందీల. టాంకీల నిచ్చెన సగం దాకనే ఉన్నది. పన్నెండు ఇంచులే గదా, మడిమెలు తడుస్తయి గంతే అనుకొని యాదయ్య ఆఖరి మెట్టు మీదికెంచి దుంకిండు. దుంకినోడు మునిగిండు. కింద బురద కాళ్లను ఇడవలే. ఈత రాదు. పెంటయ్య పట్టీ చేతుల వట్టుకొని మలిగి వచ్చేసరికి మనిషిని పైకి తీసి పండవెట్టిన్రు.

ఆ పొద్దు మంగేష్ ఇంటికి వచ్చి గోడకు ఒరిగి కూసున్నడు. "పెంటయ్యే సంపిండు ఆయీ" అన్నడు మరాఠీల. "పన్నెండని నాకు చెప్పిండు. మనిషి మునిగేటన్ని నీళ్లుంటె పన్నెండంటడా? పోలీసులు వచ్చి నలుగుట్ల అడిగిన్రు. ఔ, గదే చెప్పిన అని వాడే ఒప్పుకున్నడు."

ఒప్పుకున్నడని ఇన్నంక ఇంక రత్నాబాయి ఆగుతదా? అరికాలి మంట నెత్తికెక్కింది. తాడు వట్టుకొని లోతు సూసుడు గూడ చేతగానోడు బొంబాయికి ఎందుకు రావాలె? వచ్చినోడు ఇంకొకన్ని ఎందుకు తేవాలె? తెచ్చి సంపుతడా? నిచ్చెన కింద నిలవడి గల్లీకంత ఇనవడేటట్టు అడిగింది.

యాదయ్య శవం ఊరికి పోయింది. పెంటయ్య ఎంట పోలే. పోనియ్యలే. యాదయ్య పెండ్లాం లచ్చమ్మకు ఇద్దరు తమ్ములు. వాళ్లు ఫోన్ చేసి, మా అక్క పసుపు కుంకుమ తీసినోడు ఊర్ల కాలు వెడితె నరుకుతం అన్నరు. దినాలకు గూడ రావొద్దన్నరు. పెంటయ్య ఆ ఫోను ఇని కింద వెట్టి, అప్పటి సంది అన్నం సక్కగ తింటలేడు. రాత్రంత చెక్కల మీద పొర్లుడు ఇనవడ్తనే ఉన్నది. పొర్లు పొర్లు, బాగ పొర్లు అనుకున్నది రత్నాబాయి.

ఆరో రోజు సాయంత్రం నాలుగు గొట్టంగ మంగేష్ ఒక కాయిదం పట్టుకొని వచ్చిండు. శేట్ వకీలు రాసిండు, అంత ఇంగ్లీషు. అండ్ల పెంటయ్య వేలిముద్ర వడాలె. తెల్లారి పదింటికి పోలీసు చౌకీల ఇయ్యాలె.

"ఏమున్నది అండ్ల?" అన్నది పోచమ్మ నిచ్చెన సగం దిగి.

"ఏం జరిగిందో అదే ఉన్నది" అన్నడు మంగేష్ హిందీల, ఆమె మొకం సూడకుంట.

పెంటయ్య పెండ్లాన్ని దాటుకొని కిందికి దిగిండు. ఆరు రోజులల్ల సగమైండు మనిషి. గడ్డం తెల్లగ మొలిచింది. మంగేష్ ముందల బండల మీద కూసొని బొటనవేలు అంగికి తుడుసుకున్నడు. "పెడ్త సారు. యాడ పెట్టాలె సూపెట్టు. ఒక్క మాట మాత్రం అడుగుత. నేను సరిగ్గనే చెప్పిన. ఆ సంగతి రాసిన్రా?"

"నువ్వు చెప్పిందే రాసిన్రు."

"అయితె పెడ్త" అన్నడు పెంటయ్య.

పోచమ్మ ఒక్క దుంకుల కిందికి వచ్చింది. "ఏం పెడ్తవయ్యా? ఏం పెడ్తవు? ఇరవై ఏండ్ల సంది బాయిలల్ల దిగినోనివి. ఊర్ల ఎవల బాయి తవ్వినా నిన్నే పిలిచి తాడు ఇడిపిచ్చిరి. నువ్వు లోతు తప్పు చెప్తవా? అండ్ల ఏం మన్ను రాసిన్రో, నీకు నీళ్లు తెల్వదా, నిప్పు తెల్వదా..."

"ఏయ్, నోరు మూయ్!" అన్నది రత్నాబాయి. గ్యాలరీల బట్టలు ఆరేస్తున్న పక్కింటామె లోపలికి తొంగి సూసింది. "అయితె నా కొడుకు అబద్ధమాడుతున్నడా? నీ మొగడే నలుగుట్ల ఒప్పుకొనె, నువ్వు ఈడ నా ఇంట్ల నిలవడి లొల్లి చేస్తవా? ముద్ర పెట్టినంక మూట కట్టుకోండ్రి. ఇంక నా అటక మీద మీకు జాగ లేదు."

"పోతం పెద్దమ్మా, పోతం. గని ఊరికి పోనియ్యకపోతిరి, ఈడ ఉండనియ్యకపోతిరి. యాడికి పోవాలె? అండ్ల ఏమున్నదో ఇనకుంట ముద్ర వెట్టి పోవాల్నా?"

ఆ మాట రత్నాబాయికి తగిలింది. తగిలెగని తగిలినట్టు కనవడనిస్తదా? "ఇంటె నీ నోరు మూతవడ్తదా? ఏయ్ ప్రతీక్షా! ఇటు రా. ఈ కాయిదం సదువు. ఈమె చెవులల్ల పడేటట్టు సదువు."

అంతల్నే శేట్ ఫోన్ చేసిండు. మంగేష్ ఫోన్ చెవుకు వెట్టుకొని గ్యాలరీలకు పోయిండు, ఆడికెంచి మెట్ల మీదికి పోయిండు.

ప్రతీక్ష బీకాం రెండో సంవత్సరం. కాయిదం తీసుకొని ఒక్కొక్క ముక్క సదివి, సగం మరాఠీల, సగం ఆజీ తెలుగుల చెప్పవట్టింది. టాంకీ సంగతి ఉన్నది. పెంటయ్యకు లోతు సూసె పని అప్పజెప్పినమని ఉన్నది. పన్నెండు ఇంచులని చెప్పిండని ఉన్నది. నలుగుట్ల ఒప్పుకున్నడని ఉన్నది. ఆ తర్వాత ఒక కాడ ఆగింది.

"పెంటయ్య ఫెయిల్డ్ టు ఫాథమ్ ద డెప్త్... ఆజీ, ఫాథమ్ అంటె నాకు మాలుం లేదు."

"మాలుం లేకుంటె సూడు. ఇరవై నాలుగు గంటలు చేతుల ఆ డబ్బ ఎందుకున్నది?"

ప్రతీక్ష ఫోన్ల గెలికింది. "ఫాథమ్... ఒకటి, సమజ్ చేసుకునుడు. ఏదన్న సంగతి అడుగు దాక సమజ్ చేసుకునుడు."

"అంటె పెంటయ్యకు సమజ్ కాలేదని రాసిన్రు. మంచిగనే రాసిన్రు" అన్నది రత్నాబాయి.

"ఇంకోటి ఉన్నది ఆజీ. నీళ్ల లోతు కొలుసుడు. పాత జమానల పడవలోళ్లు తాడుకు బరువు కట్టి నీళ్లల్ల ఇడుస్తుండిరంట."

"మా ఆయన చేసింది గూడ అదే గదా! తాడుకు పెల్ల కట్టి ఇడిచె గదా!" అన్నది పోచమ్మ.

"ఆగవే జర! ఆ పోరిని చెప్పనీ."

"మూడోది, కొలత. ఆరు ఫీట్లు. ఆరు ఫీట్లయితె ఒక ఫాథమ్. ఇంకా పాతది... రెండు చేతులు బార్ల సాపుడు. ఇట్ల. చేతులు సాపి గట్టిగ దగ్గరికి తీసుకునుడు గూడ ఫాథమే అంట." ప్రతీక్షకు నవ్వొచ్చింది. "ఒక్క మాటకు ఇన్ని అర్థాలేంది ఆజీ? కొలుసుడు అదే, సమజ్ చేసుకునుడు అదే, దగ్గరికి తీసుకునుడు అదే."

"తెలుగుల ఏమంటరు దాన్ని? ఆమెకు సమజ్ గావాలె గదా" అన్నది రత్నాబాయి పోచమ్మను సూపెట్టి.

ప్రతీక్షకు తెలుగు సదవ రాదు. ఫోన్లనే ఒత్తితె ఫోనే చెప్తది. ఒత్తింది. ఫోన్లకెంచి ఒక ఆడ మనిషి గొంతు ఒక్క మాట చెప్పింది.

ప్రతీక్ష పక్కున నవ్వింది. "ఫోనుకు పిచ్చి లేసింది ఆజీ! ఆరు ఫీట్లను తెలుగుల పన్నెండు అంటరంట. ఇను." మల్ల ఒత్తింది.

"బార" అన్నది ఫోను.

రత్నాబాయి చేతుల చాయ్ గిన్నె ఉన్నది. దాన్ని స్టవ్ మీద పెట్టబోయి బండ మీద పెట్టింది. "మల్ల ఒత్తు."

"బార."

బార. ఆ మాట ఈ ఇంట్ల ఎవలన్న అని నలభై ఏండ్లయింది. ఆమె నాయిన గ్రాంట్ రోడ్డు కాడ బట్టలారేసె తాడు కొనెటప్పుడు దుకాణపోని గజం కర్ర నమ్మకపోవు. తాడు అందుకొని రెండు చేతులు సాపి, ఈ చేతి కొస కాడికెంచి ఆ చేతి కొస దాక కొలిచి, ఒక బార, రెండు బారలు అని గట్టిగ లెక్కవెడ్తుండె. పూలయితె మూర, తాడయితె బార. బాయయితె గూడ బారే. బారంటె నిలువు మనిషంత. మరాఠీల బారా అంటె పన్నెండు. హిందీల అంతే, పన్నెండే.

రత్నాబాయి పెంటయ్య దిక్కు మలిగింది. ఆయన ఇంక బొటనవేలు పట్టుకొనే కూసున్నడు.

"పెంటయ్యా. ఆనాడు మావోనికి ఏమని చెప్పినవు? ఆ మాట చెప్పు. అచ్చం ఏ మాట చెప్పినవో అదే మాట."

పెంటయ్య లేసి నిలవడ్డడు. "నీళ్లు బార ఉన్నయి సారూ అన్న పెద్దమ్మా. తాడు గుంజి, తడిసిన కాడికి కొలిచి సూపెట్టిన." రెండు చేతులు సాపిండు. చిన్న ఖోలీ. ఒక చెయ్యి తలుపుకు తాకింది, ఇంకో చెయ్యి పోయి బీరువకు తాకింది. "ఇంత."

"మరి హిందీల చెప్పకపోయినవ్? నీకు హిందీ వస్తది గదరా!"

"వేరే సూపర్‌వైజర్లకైతె హిందీలనే చెప్తుంటి, ఛే ఫూట్, ఆరు ఫీట్లు అని. మంగేష్ సారు మనోడే గదా పెద్దమ్మా. నీ కొడుకు గదా. మనోని తోటి హిందీ ఎందుకని తెలుగుల చెప్పిన."

పోచమ్మ నోట్ల కొంగు కుక్కుకున్నది.

"మరి పోలీసుల ముంగట ఎందుకు ఒప్పుకున్నవు?" అన్నది రత్నాబాయి.

"'బారా బోలా థా క్యా', బారా అని చెప్పినవా అన్నరు. హా, బారనే బోలా అన్న. చెప్పింది అదే ఆయె. అయ్యో సారూ బార, బార అని మల్ల మల్ల అన్న. సూసిన్రా, ఇప్పుడు గూడ అదే అంటున్నడు అన్నరు. నాకేం సమజ్ కాలే. నేను బార అంటుంటె వీళ్లు ఔనంటున్నరు. ఔనంటనే తిడుతున్నరు. అటు సూస్తె యాదయ్య పండుకొని ఉన్నడు. నా పానం నా తాన లేదు పెద్దమ్మా."

ఆరు రోజులు. ఆరు రోజులు ఈ మనిషిని తిట్టింది తను. నిచ్చెన కింద నిలవడి గల్లీకంత ఇనవడేటట్టు తిట్టింది. రత్నాబాయికి సిగ్గయింది. సిగ్గు ఎనుకనే కోపం వచ్చింది. ఈ ఆరు రోజుల కోపం దీని ముందల ఎందుకూ పనికిరాదు.

మంగేష్ లోపలికి వచ్చిండు. "ముద్ర అయిందా?"

"మంగ్యా. బార అంటె ఏంది?"

"ఆఁ?"

"బార. బార అంటె ఏందిరా?"

"పన్నెండు."

"మరాఠీల గాదు. నీ అవ్వ భాషల."

మంగేష్ అందరి మొకాలు సూసిండు. పెంటయ్య చేతులు ఇంక పూర్తిగ దించలేదు. మంగేష్ ఆ చేతులు సూసి కండ్లు కిందికి దించుకున్నడు. ఆ దించుకునుడు రత్నాబాయి సూసింది. కన్నతల్లి సూడదా?

"నీకు తెలుసు" అన్నది. "నీకు తెలుసురా."

"అప్పుడు తెల్వదు ఆయీ! నీ మీద ఒట్టు, అప్పుడు తెల్వదు. ఫోన్ల ఉన్న, ఆయన చేతులు సూడలే, టాంకీలకు వంగి సూడలే. టాంకీ లోతే పదకొండు ఫీట్లు, పన్నెండు ఫీట్లు ఎట్లుంటయి, ఇంచులే అనుకున్న. తర్వాత... పోలీసుల ముంగట ఆయన చేతులు సాపి మల్ల మల్ల అదే మాట అంటుంటె, అనుమానం వచ్చింది. తెల్లారి ఇంకో తెలుగు కూలాయనను అడిగితె చెప్పిండు."

"చెప్పినంక?"

"శేట్‌కు చెప్పిన. వాడే ఒప్పుకున్నడు గదా, నువ్వెందుకు నోరు తెరుస్తవు అన్నడు."

"థూ!" అన్నది రత్నాబాయి. "ఐదు రోజులు! ఐదు రోజులు నా చేతి అన్నం తిన్నవు. పైన ఆ మనిషి తినకుంట పొర్లుతుంటె, కింద నువ్వు రెండోసారి కూర ఏపిచ్చుకున్నవు. నేను ఆయనను తిడుతుంటె ఇనుకుంట కూసున్నవు. సిగ్గు లేదురా నీకు?"

మంగేష్‌కు గూడ రోషమొచ్చింది. "నాకు తెలుగు ఎవలు నేర్పిన్రు? నువ్వే గదా! బడిల నవ్వుతరు, బయట తెలుగు మాట్లాడకు అన్నది నువ్వే గదా ఆయీ! ఇప్పుడు నన్ను అడుగుతవా బార అంటె ఏందని?"

కింద గల్లీల హారన్ కొట్టుకుంట టెంపో పోయింది. ప్రతీక్ష ఆజీని భయంగ సూసింది.

"ఔ" అన్నది రత్నాబాయి. "అన్న. నేనే అన్న. బుద్ధి లేక అన్న. నీకు మాట రాకపోవుడు నా తప్పు, నెత్తిన వెట్టుకుంట. ఏ చౌకీల చెప్పమంటె ఆ చౌకీల చెప్త. మరి తెలిసినంక నోరు మూసుకొని కూసునుడు? అది నేర్పిన్ననారా నీకు? అది ఏ భాషల నేర్పిన?"

రత్నాబాయి ప్రతీక్ష చేతుల కాయిదం గుంజుకున్నది. "మీ వకీలు మంచి మాటే ఏరి రాసిండు. ఏందే అది, ఫాథమ్. కొలుసుడు, సమజ్ చేసుకునుడు. మాటల తప్పు లేదు, పేర్లనే తప్పు. కొలిచినోడు కొలిచిండు. సమజ్ కానోనివి నువ్వు."

"కేసు నా మీదికి వస్తది ఆయీ. నౌకరి పోతది. ప్రతీక్ష కాలేజి ఉన్నది. నీ మందులున్నయి. లోపలేస్తరు నన్ను. నీకు సమజ్ అయితున్నదా?"

అయింది. ఎందుకు గాదు? ఒక్కడే కొడుకు. మొగడు పోయిన పొద్దు నుంచి నాలుగిండ్లల్ల గిన్నెలు తోమి సదివిచ్చిన కొడుకు. పెంటయ్య ఎవలు? మూడేండ్ల కింద ఫుట్‌పాతు మీద దొరికిన మనిషి. ఇప్పుడు ఒక్క మాట అనకుంట ఊకుంటె ఆ బొటనవేలు కాయిదం మీద పడ్తది, వీళ్లు మూట కట్టుకొని పోతరు, కొడుకు కొడుకులెక్కనే ఉంటడు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

పెంటయ్య మెల్లగ అన్నడు. "పెద్దమ్మా, పోలీసుల సంగతి మీరు మీరు సూసుకోండ్రి. జైలంటె నాకు భయం లేదు, ఈ అటకకంటె పెద్దగనే ఉంటది. గని లచ్చమ్మకు ఒక్క మాట చెప్పుండ్రి. నేను బార అనే చెప్పిన్నని చెప్పుండ్రి. దినాలకు పోయి వాడు పోయిన దిక్కు మొక్కి వస్త. ఇంకేం వద్దు నాకు."

"ఇన్నవా?" అన్నది రత్నాబాయి కొడుకును. "పోచమ్మా, ఫోన్ కలుపు. స్పీకర్ పెట్టు."

పోచమ్మ కలిపింది. అవుతల ఎత్తిన్రు.

"లచ్చమ్మా, బొంబాయి కెంచి రత్నాబాయిని మాట్లాడుతున్న. పోచమ్మోళ్లు ఉండేది నా ఇంట్లనే. నా కొడుకు మంగేష్, ఆడ సూపర్‌వైజరు. నీతోని మాట్లాడ్తడు, ఇను బిడ్డా."

మంగేష్ ఫోన్ దిక్కు వంగి హిందీల మొదలువెట్టిండు. రెండు ముక్కలు అన్నడో లేదో, "నాకు హిందీ రాదు సారూ" అన్నది లచ్చమ్మ.

మంగేష్ తల్లి దిక్కు సూసిండు. రత్నాబాయి మొకం తిప్పుకున్నది. పెంటయ్య నోరు తెరిచిండు. "నువ్వు మాట్లాడకు పెంటయ్యా" అన్నది. "వాడే చెప్పాలె. వచ్చిన కాడికే చెప్పాలె."

మంగేష్ మూతి తుడుసుకున్నడు. "లచ్చమ్మ... పెంటయ్య సరి చెప్పిండు. నీళ్లు... బార. బార చెప్పిండు. నాకు తెలుగు తక్కువ. నేను పన్నెండు అనుకున్న. పన్నెండు ఇంచ్. యాదయ్యను... నేను దిగు అన్న. పెంటయ్య కాదు. పెంటయ్య ఆడ లేకుండె. నేను అన్న. నేను."

అవుతల ఎవలో గిన్నెలు కడుగుతున్న సప్పుడు ఇనవడ్డది.

"పెంటన్న బార అని చెప్పిండా?" అన్నది లచ్చమ్మ.

"చెప్పిండు."

"నీకు సమజ్ కాలే."

"కాలే."

"కాకుంటె ఇంకొక్కసారి అడగొచ్చు గద సారూ" అన్నది లచ్చమ్మ. తిట్టలే. ఏడ్వలే. నిజంగనే అడిగినట్టు అడిగింది.

మంగేష్ రెండు చేతులు మొకానికి అడ్డం పెట్టుకున్నడు.

"పెంటన్న ఉన్నడా ఆడ?"

పెంటయ్య ఫోన్‌ను రెండు చేతులతోని అందుకున్నడు. "ఉన్న చెల్లే."

"అన్నా, మా తమ్ములు అన్న మాటలు మనసుల వెట్టుకోకు. వాళ్లకు నేను చెప్త. దినాలకు నువ్వు రావాలె. నువ్వే దగ్గరుండి చేయాలె."

పెంటయ్య బండల మీద కూలవడి చిన్న పోరని లెక్క ఎక్కెక్కి ఏడ్సిండు. పోచమ్మ ఫోన్ గుంజుకొని, "వస్తడు లచ్చమ్మా, ఎల్లుండి రైలుకే వస్తడు" అని ఏడ్సుకుంట చెప్పింది.

రత్నాబాయి ఏడ్వలే. కాయిదం బండ మీద పరిచి, ప్రతీక్ష కలం తీసి కొడుకు ముందల వడేసింది. "పేరు దిద్దు."

మంగేష్ ఆమెను సూసిండు, బిడ్డను సూసిండు. ప్రతీక్ష తండ్రి దిక్కెంచి కండ్లు మలుపలే. ఆయన కలం అందుకొని, ఫాథమ్ అని ఉన్న కాడ, ముద్ర వెట్టె కాడ పెంటయ్య పేరుకు గీత కొట్టి, పైన మంగేష్ అని రాసిండు. రెండు కాడల ఉన్నది, రెండు కాడల దిద్దిండు.

"పద" అన్నది రత్నాబాయి చెప్పులల్ల కాళ్లు వెట్టుకుంట.

"రేపు పదింటికి గదా ఆయీ."

"రేపటి దాక నేను నీ మొకం సూడలేను. ఇప్పుడే పద. నేను గూడ వస్తున్న."

చాల్ బిల్డింగు మెట్లు చీకటి, కట్టెవి, సగం అరిగినయి. దిగెటప్పుడు మంగేష్ తల్లి రెక్క వట్టుకున్నడు, రోజు పట్టుకున్నట్టే. రత్నాబాయి ఇదిలించుకొని, గోడ వట్టుకొని తనే దిగింది.